సక్కుబాయి రెండు పూటలు చూసిన కారు

“దిగేటప్పుడు అత్తమ్మ కాలు జారితే? ఈసారి తుంటి ఎముకే విరిగితే? ఆ వయసుల అది అంత జల్ది అతకదు. మనిషి మంచానికి అంటుకపోతది. అప్పుడేం చేస్తవో చెప్పు!”

పూర్ణిమ ఈ మాట అన్నది శంషాబాద్ దగ్గర, హైవే పక్కన ఉన్న పాత కార్ల షెడ్డులో, ఎత్తైన బండి ఒకదాని వెనక తలుపు తెరిచి పట్టుకుని. ఆ బండి మీద అప్పటికే మనసు పడిపోయిన ఆమె భర్త మహేష్, స్టీరింగు మీంచి చెయ్యి తియ్యకుండానే జవాబిచ్చాడు.

“ఏం కాదు. నేను పట్టుకుంట గద.”

“అత్తాపూర్ల గూడ పట్టుకున్నవ్.”

మహేష్ స్టీరింగు మీంచి చెయ్యి తీశాడు. మెల్లగా దిగి తలుపు వేశాడు.

పూర్ణిమకు భయమెక్కువ అని ఇంట్లో అందరూ అంటారు. ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ చదివి, ఇంటికి దగ్గరలోనే ఒక మందుల కంపెనీ ల్యాబులో పని చేస్తోంది. మాత్ర సరిగ్గా కరుగుతోందా, ఎక్కడైనా తేడా ఉందా అని రోజంతా అనుమానంతో చూడడమే ఆమె ఉద్యోగం. ఆ చూపు సాయంత్రం ఆమెతో పాటే ఇంటికొస్తుంది. కూతురు చిన్మయి నడక నేర్చినప్పటి నుంచి బల్ల మూల కనబడితే పాప నుదురు గుర్తొస్తుంది, బకెట్టులో నీళ్లు కనబడితే వెంటనే ఒంపేస్తుంది. ఇప్పుడా భయాల వరసలోకి అత్తగారు సక్కుబాయి కూడా చేరింది. పాపది పెరిగే ఎముక, అత్తమ్మది అరిగే ఎముక. ఎవరి గురించి ఎక్కువ భయపడాలో ఆమెకే తెలియడం లేదు.

సక్కుబాయి పుట్టింది హిమాయత్ సాగర్ ఊళ్లో, మెట్టింది శంషాబాద్ పక్కనున్న సాతంరాయిలో. ఆ దగ్గర విమానాశ్రయం రాకముందు నుంచీ ఆకుకూరలు పండించి శంషాబాద్‌లో అమ్మిన మనిషి. తోటకూర, పాలకూర, గంగవాయిలి కూర చీకటితోనే కోసి, కట్టలు కట్టి, నీళ్లు చిలకరించి గంపకెత్తేది. నిండు గంప నెత్తికెత్తుకోవాలంటే ఇంకొకరు చెయ్యి వెయ్యాలి. సక్కుబాయి ఎవర్నీ పిలిచేది కాదు. గంపను మెల్లగా గోడ మీదికి చేర్చి, వంగి తల కింద పెట్టి, గోడ మీంచి నెత్తి మీదికి జార్చుకునేది. “ఒకల కోసం ఎదురుచూస్తె కూర వాడిపోతది” అనేది. బేరమాడినవాళ్లను నోటికొచ్చినట్టు తిట్టి, ఆ తిట్టు పూర్తవకముందే గుప్పెడు కొసరు సంచిలో పడేసేది. తిట్లు తినడానికే ఆమె దగ్గరికొచ్చేవాళ్లు కొందరుండేవాళ్లు.

పొలంలో ఎక్కువ భాగం ప్లాట్లయిపోయింది. ఇంటి వెనక నాలుగు మళ్లు మిగిలాయి. అమ్మడం మానేసింది గానీ పండించడం, పంచడం, తిట్టడం మానలేదు. విమానం నెత్తి మీదుగా దిగుతుంటే ఆ ఊళ్లో ఎవరి మాటైనా మధ్యలో ఆగిపోయి, అది దాటాక ఆగిన చోటినుంచే మొదలవుతుంది. సక్కుబాయి మాట మాత్రం ఆగదు. పనిలో పనిగా విమానాన్ని కూడా నాలుగు అంటుంది.

అలాంటి మనిషి అత్తాపూర్‌లో జరిగిన పెళ్లి తర్వాత గేటు దాటలేదు.

ఆ పెళ్లి ఆమె అక్క శివమ్మ మనవడిది. మహేష్ స్నేహితుడి బండి, డ్రైవరుతో సహా, అడిగి తెచ్చాడు. అది కూడా ఎత్తైన బండే. ఎక్కేటప్పుడు ఎలాగో ఎక్కింది. ఫంక్షన్ హాల్ ముందు దిగేటప్పుడు, చుట్టాలందరూ చూస్తుండగా, ఒక పక్క మహేష్, ఇంకో పక్క డ్రైవరు చంకల కింద చేతులు వేసి దించబోయారు. కాలు నేలకు ఆనకముందే మోకాలు మెలిపడింది. ఇద్దరి చేతుల్లోంచి జారి సక్కుబాయి మోకాళ్ల మీద పడింది. కొత్త చీర కుచ్చిళ్లు ఊడిపోయాయి. ఎముక విరగలేదని దవాఖానలో చెప్పారు. వాపు కూడా తగ్గింది. కానీ ఆ రోజు ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని ఆమె అన్న మాట మాత్రం అలాగే ఉండిపోయింది.

“ఇగ నేను ఎక్కడికీ రాను. నన్ను పిలవకున్రి.”

ఆటో తెస్తే ఎక్కలేదు. క్యాబు పిలిస్తే లోపలికి వెళ్లి పడుకుంది. అసలు చిక్కు శివమ్మ దగ్గర వచ్చింది. ఆమె ఉండేది హిమాయత్ సాగర్‌లోనే; అక్కచెల్లెళ్లు నెలకొకసారైనా కలిసేవాళ్లు. శివమ్మకు చెవులు వినబడవు, ఫోన్లో అయితే అస్సలు వినబడవు. సక్కుబాయి ఫోను నోటి దగ్గర పెట్టుకుని “అక్కా! నేను సక్కును! తిన్నవా?” అని అరిస్తే గల్లీ అంతా “తిన్నం” అని చెప్పగలదు, శివమ్మ తప్ప. అవతలి నుంచి “ఎవరో ఫోన్ జేసిన్రు గని మాట్లాడుత లేరు” అని కోడలికి ఫోను తిరిగి ఇచ్చేసే గొంతు మాత్రం ఇవతలికి స్పష్టంగా వినిపించేది. ఆ చలికాలం శివమ్మ మరీ నీరసపడింది. “సక్కు ఎప్పుడొస్తదని రోజు అడుగుతున్నది” అని కోడలు చెప్పింది. ఆ సాయంత్రం సక్కుబాయి కూర కట్టలు కట్టలేదు. పీట మీద కూర్చుని మళ్లవైపే చూస్తూ ఉండిపోయింది.

అదిగో, అప్పుడు మొదలైంది కారు వెతుకులాట. కొత్తది కొనే స్తోమత లేదు. నాలుగేళ్లో అయిదేళ్లో నడిచిన బండి కావాలి. చిన్మయి సీటు పట్టాలి, మామ పట్టాలి, అన్నిటికన్నా ముందు అత్తమ్మ తనంతట తానే ఎక్కాలి.

పూర్ణిమ తనకు తెలిసిన పద్ధతిలో మొదలుపెట్టింది. అత్తమ్మ ఏ ఎత్తు మీంచి తేలిగ్గా లేస్తోందో నాలుగు రోజులు గమనించింది. ప్లాస్టిక్ కుర్చీ మీంచి కష్టంగా, పీట మీంచి మరీ కష్టంగా, వాకిట్లో అరుగు మీంచి మాత్రం హాయిగా లేస్తోంది. టేపు తెచ్చి అరుగు ఎత్తు కొలిచింది. తర్వాత అత్తమ్మ మోకాలి ఎత్తు కొలవబోయింది.

“కొలతలెందుకే? లంగా కుట్టిస్తవా నాకు?”

“కారు కుట్టిస్త అత్తమ్మా. జర కదలకు.”

“నేను రాననంటె ఈ పిల్లకు అర్థమైతలేదు” అని సక్కుబాయి విసుక్కుంది గానీ, కాలు మాత్రం కదిలించలేదు.

కొలతతో ఒక సంగతి తేలింది. నేలకు ఆనుకుని పోయే పొడుగు బండ్లు పనికిరావు, వాటిలో కూర్చోవడమంటే బావిలోకి దిగినట్టే. మహేష్ మోజుపడ్డ ఎత్తు బండ్లూ పనికిరావు. పైకప్పు ఎత్తుగా ఉండి, సీటు అరుగంత ఎత్తులో ఉండే చిన్న డబ్బా లాంటి బండి కావాలి. అలాంటి బండి చూపిస్తే మహేష్ మొహం వాడిపోయింది. “గిది బండా? బియ్యం డబ్బకు చక్రాలు పెట్టినట్టున్నది” అన్నాడు.

“బియ్యం డబ్బలనే మీ అమ్మ కూసుంటది. నీకు జూసుకోనీకి వేరేది కొనుక్కో.”

సక్కుబాయి రానంది కాబట్టి, ముసలివాళ్లకు ఎలా ఉంటుందో చూడడానికి మామ బుచ్చయ్యను వెంట తీసుకెళ్లారు. చేసిన పొరపాటు అదే. బుచ్చయ్య ఈ వయసులోనూ మోటారు పాడైతే బావిలోకి దిగి వచ్చే మనిషి. ప్రతి బండిలోనూ ముందు సీట్లో కూర్చునేవాడు. ఆయనకు ముందు సీటు కాక ఇంకొకటి ఉందని కూడా తెలియదు. ఇంటి పెద్ద మగవాడు ముందు, ఆడవాళ్లు, పిల్లలు వెనక; ఎవరూ చెప్పకుండానే నడిచే పద్ధతి అది. ప్రతి బండి దిగి ఒకే మాట చెప్పేవాడు.

“బాగున్నది. సోఫా లెక్కున్నది.”

“ఇంతకుముందుది గూడ గట్లనే అంటివి గద మామా?”

“అది గూడ బాగుండె మరి.”

మూడో షెడ్డులో ఆయన తన గ్లాసులో చాయ్ అయిపోయేదాకా ఏ బండి గురించీ అభిప్రాయం చెప్పడం లేదని పూర్ణిమ గమనించింది. ఇంటికొచ్చి సంగతి చెబితే సక్కుబాయి చాన్నాళ్ల తర్వాత పగలబడి నవ్వింది.

“నా మోకాళ్ల కోసం ఆయనను తోలుకపోయిన్రా? బర్రెను కొనాలంటె దూడను అడిగినట్టున్నది!” నవ్వు ఆగాక కళ్లు తుడుచుకుని, కొంగు సర్దుకుంది. “సరే. వాకిట్లకు తెమ్మను. నేను పోను, అదే రావాలె. బర్రెను కొనేటప్పుడు రెండు పూటలు పాలు పిండి చూసినంకనే పైసలిస్తం. దీన్ని గూడ రెండు పూటలు చూడాలె. పొద్దుగాల నా కాలు నా మాట వింటది. మాపటికి దాని ఇష్టం.”

పూర్ణిమ నాలుక కరుచుకుంది. నిద్ర లేచాక బిగుసుకుని కాసేపటికి సర్దుకునే కీలు, సాయంత్రానికి వాచిపోయే కీలు వేరువేరని తనకు తెలుసు. కానీ చూసిన బండ్లన్నీ పొద్దున పూటే చూసింది, అదీ అత్తమ్మ లేకుండా.

షెడ్డు యజమాని ఉపేందర్ సరదా మనిషి. డబ్బా బండిని తానే నడుపుకుంటూ ఆదివారం పొద్దున్నే వాకిట్లో ఆపాడు. షరతు విని నవ్వాడు. “రెండు పూటలేందమ్మా? పాలు పిండుతవా దీన్ని?”

“తంతదో తన్నదో చూడాలె గద బిడ్డా.”

సక్కుబాయి బండి చుట్టూ ఒకసారి తిరిగింది. టైరు మీద చెయ్యేసింది. తలుపు వేసి తీసి చప్పుడు విన్నది. పూర్ణిమ ఈలోగా లోపల కాళ్ల కింద పరిచిన పట్టాలు ఎత్తి అడుగున చెమ్మ ఉందేమో చూసింది, బెల్టులు లాగి చూసింది, వరద నీళ్లలో మునిగిన బండి కాదు కదా అని ఉపేందర్‌ను ఇంకోసారి అడిగింది. అతను ఇంకోసారి ఒట్టేశాడు. తెలిసిన మెకానిక్‌కు చూపించాకే డబ్బులని మహేష్ కూడా చెప్పాడు.

“అత్తమ్మా, ముందుగాల సీటు మీద కూసో. వీపు లోపలికి పెట్టి. తర్వాత రెండు కాళ్లు ఒక్కసారే లోపలికి తిప్పు” అని పూర్ణిమ చేసి చూపించింది.

“వీపు తిప్పి ఎవలన్న ఇంట్ల అడుగు పెడ్తరా? కొత్తగ వచ్చిన బండికి ముడ్డి చూపిస్తరా? తప్పు కాదూ!”

చెప్పులు విప్పి, బండికి దండం పెట్టి, కుడికాలు ముందు పెట్టి, తల వంచి, ఒళ్లంతా మడిచి వెనక సీట్లోకి దూరింది. మూలిగింది గానీ దూరింది. బుచ్చయ్య ముందు సీట్లో అప్పటికే కూర్చున్నాడు. ఊరి చివరి దాకా వెళ్లారు. అక్కడ చాయ్ తాగుదామని ఆగితే అప్పుడు తెలిసింది, సక్కుబాయి చెప్పులు ఇంటి ముందే ఉండిపోయాయని. ఆమె బండిలోనే కూర్చుని చాయ్ తాగింది. వచ్చేసరికి చెప్పులు విప్పినచోటే, గేటు వైపు తిరిగి బుద్ధిగా ఉన్నాయి. తలుపు పట్టుకుని తనే దిగింది. మహేష్ ఉపేందర్ చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

“ఒక పూటనే అయింది” అంది సక్కుబాయి.

సాయంత్రం పూట వేరుగా నడిచింది. మళ్లీ వచ్చిన ఉపేందర్, అదే బండి, అదే తలుపు. కుడి మోకాలు నిండా వాచి ఉంది. కుడికాలు లోపల పెట్టింది గానీ దాని మీద బరువు వెయ్యలేకపోయింది. సగం లోపల, సగం బయట ఆగిపోయింది. మహేష్ గబుక్కున ముందుకొచ్చాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. మెల్లగా కాలు వెనక్కి తీసుకుని, బండికి ఆనుకుని నిలబడింది. మొహంలో మళ్లీ ఆ పెళ్లినాటి రంగు వచ్చింది.

“చూసిన్రా? ఇగ చాలు. తీస్కపో బిడ్డా బండిని” అంది ఉపేందర్‌తో. కోపంగా అనలేదు. అందుకే పూర్ణిమకు ఎక్కువ భయమేసింది. ఈ బండి వెళ్లిపోతే అత్తమ్మ ఇంకో బండిని వాకిట్లోకి రానివ్వదు. అక్క ఉన్న హిమాయత్ సాగర్ ఎంతో దూరం లేదు, అయినా ఆమెకు ఇక లేనట్టే.

ముందు సీట్లో కూర్చున్న బుచ్చయ్య అద్దంలోంచి వెనక్కి చూస్తున్నాడు. విమానం ఒకటి దాటిపోయింది. ఆయన తలుపు తీసుకుని దిగాడు. భుజం మీది తువ్వాలు తీసి, తను లేచిన సీటు దులిపాడు.

“ముందటికి రావే.”

“ఎవరు? నేనా?”

“ఇంకెవరున్నరు? ఈడ తలుపు బాగ తెరుసుకుంటది. కాళ్లకు జాగ శాన ఉన్నది. నేను ఇన్ని బండ్లు ఎక్కిన గద, నాకు తెల్వదా?”

“నేను ముందట, నువ్వు యెనుకనా? నలుగురు సూస్తె ఏమంటరు?”

“నలుగురు మోస్తున్నరా నీ మోకాలు?”

పూర్ణిమ గబగబా ముందు సీటును వెనక్కి జరిపింది. సీటుకూ ముందు భాగానికీ మధ్య కాళ్లు పూర్తిగా చాపుకునేంత జాగా వచ్చింది. ఇన్ని కొలతలు తీసిన తాను ఈ సీటును ఒక్కసారి కూడా కొలవలేదు. మామ కూర్చునే చోటు కదా అని వదిలేసింది. సక్కుబాయి ఇంకా కుడికాలే ముందుకు ఎత్తుతోంది.

“అట్ల గాదే” అన్నాడు బుచ్చయ్య. “మీ తల్లిగారింటి ఎడ్లబండి ఎట్లెక్కుతుంటివి? యెనుకకు తిరిగి, చేతులు ఆనిచ్చి, ఎగిరి కూసుంటుంటివి గద. కాళ్లు వేలాడేసుకోని పాటలు పాడుకుంట వస్తుంటివి. అప్పుడు బండికి తప్పు కాలేదా?”

“ఆ ముచ్చట ఇప్పుడెందుకు, పిల్లల ముంగట!”

కసిరింది గానీ వెనక్కి తిరిగింది. చేతులు సీటుకు ఆనించింది. పూర్ణిమ చూస్తుండగానే, అరుగు మీద కూర్చున్నట్టు కూర్చుంది. కాసేపు అలాగే కాళ్లు బయటపెట్టి ఊపిరి పీల్చుకుంది. తర్వాత రెండు కాళ్లూ చేత్తో పట్టుకుని, చిన్మయిని ఒళ్లోకి తిప్పుకున్నంత జాగ్రత్తగా లోపలికి తిప్పుకుంది.

“తన్నలే” అంది ఉపేందర్‌తో.

దిగడం కూడా చూసింది. ఆ తర్వాతే పైసల మాట మాట్లాడనిచ్చింది.

వెనక్కి మారిన బుచ్చయ్య రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత మొదటి ప్రయాణంలోనే చిన్మయి తన సీట్లోంచి వంగి ఆయన మీసం పట్టుకుని లాగింది. దారి పొడుగునా లాగుతూనే ఉంది. అప్పటి నుంచి ముందు సీటు ఇస్తామన్నా వద్దంటున్నాడు.

బండి ఇంటికొచ్చాక మొదటి ప్రయాణం హిమాయత్ సాగర్‌కే. సర్వీసు రోడ్డు మీద మహేష్ ఎంత మెల్లగా నడిపాడంటే స్కూటర్లు కూడా హారన్ కొట్టి దాటిపోయాయి. సక్కుబాయి ఒళ్లో తడిగుడ్డలో చుట్టిన గంగవాయిలి కూర. శివమ్మ ఇంటి గేటు ముందు బండి ఆగింది. పూర్ణిమ ఉరికినట్టు దిగి, రెండు చేతులూ చాపి తలుపు దగ్గర నిలబడింది. మహేష్ అటునుంచి చుట్టూ తిరిగి వచ్చాడు. సక్కుబాయి ఇద్దర్నీ చూసింది.

“జర జరుగున్రి. గాలి రానియ్యిన్రి.”

కాళ్లు బయటికి తిప్పింది. చెప్పులు ఈసారి కాలికే ఉన్నాయి. పాదాలు నేలకు ఆనించి, అవి నిలిచాయో లేదో చూసుకుని, తలుపు అంచు పట్టుకుని లేచింది. లేచాక చీర సర్దుకుంది.

శివమ్మ లోపల మంచం మీద కూర్చుని ఉంది. చెల్లెలి మొహం చూడగానే చేతులు రెండూ ముందుకు చాపింది.

“నడిసొచ్చినవానే?”

“కారుల వచ్చిన అక్కా! ముందట కూసోని వచ్చిన!”

“మరి మా మరిది ఏడి?”

“యెనుక!”

శివమ్మకు ఈ మాట ఒక్కసారికే వినబడింది. పళ్లు లేని నోటితో ఆమె నవ్విన నవ్వుకు బుచ్చయ్య గుమ్మంలోనే ఆగిపోయాడు. తర్వాత అక్కచెల్లెళ్లు పక్కపక్కన కూర్చున్నారు. ఒకరి మోకాలు ఒకరు తడుముకున్నారు. సక్కుబాయి కూర తుంచి పెట్టింది. ఆ తర్వాత శివమ్మ ఆమె చెయ్యి వదల్లేదు. పొద్దు వాలేదాకా అలాగే ఉన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు సక్కుబాయి ముందుకే చూస్తూ అంది.

“పూర్ణిమా, నేను దిగుతుంటె రెండు చేతులు చాపుకోని నిలవడ్డవ్. సూసిన.”

“భయమైతది అత్తమ్మా.”

“భయపడు. వద్దన్ననా? గని ఒక మాట విను. అత్తాపూర్ల నన్ను పడేసింది మోకాలు గాదు. ఇటొకలు గుంజిన్రు, అటొకలు గుంజిన్రు. నా కాలు యాడ మోపాలెనో నన్ను సూసుకోనియ్యలె.”

“నేను మెల్లగనే పట్టుకున్న గదమ్మా” అన్నాడు మహేష్, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

“నువ్వే ఎక్కువ గుంజినవ్ బిడ్డా. నువ్వు సల్లగుండ, సక్కగ నడుపు.”

అతను నవ్వాడు. పెళ్లి తర్వాత ఆమె ఎందుకు రానన్నదో ఇన్నాళ్లూ తామెవరూ అడగలేదని పూర్ణిమకు అప్పుడు తట్టింది. మోకాలికి మందు రాశారు, బ్యాండేజీ చుట్టారు, కొలతలు తీశారు. ఎందుకు రానంటున్నావు అని మాత్రం అడగలేదు.

చిన్మయి ఇప్పుడు మిద్దె మెట్లెక్కుతోంది. గోడకు చెయ్యి ఆనించి, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ పెట్టుకుని, వెనక్కి తిరిగి తల్లిని చూస్తూ ఎక్కుతుంది. పూర్ణిమ ఒక మెట్టు కింద నిలబడుతుంది. భయం ఏమీ తగ్గలేదు. పాప ఊగినప్పుడల్లా చేతులు వాటంతటవే లేస్తాయి. లేచిన చేతుల్ని దించుకుంటుంది. ఆ రోజు కారులో అత్తమ్మ చివరగా చెప్పింది అదే మరి:

“అడగకముందే పట్టుకోకు బిడ్డా. చేతులు ఖాళీగ పెట్టుకోని పక్కన నిలవడు. పట్టుకొమ్మని చెయ్యి చాపినప్పుడు గట్టిగ పట్టుకో.”